ఒకే పెట్టెలో సబ్‌వూఫర్, యాంప్లిఫయర్, వైరింగ్ కిట్: జోడీ కుదిరింది, తీగ కుదరలేదు

కారులో బాస్ కావాలనుకునే వారి కోసం సబ్‌వూఫర్‌ను, దాన్ని నడిపే యాంప్లిఫయర్‌ను, రెంటికీ కావలసిన తీగలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మే సెట్లు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. నేను బిగించి వాడుతున్నది అలాంటి సెట్టే. అందులో 12 అంగుళాల డ్యూయల్ వాయిస్ కాయిల్ (స్పీకర్ కోన్‌ను కదిపే తీగచుట్టలు రెండు ఉన్న) సబ్‌వూఫర్ ఒకటి, క్లాస్ డి మోనోబ్లాక్ (ఒకే ఛానెల్) యాంప్లిఫయర్ ఒకటి, పైన 4 గేజ్ (తీగ లావు కొలత, అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది) అని ముద్రించిన వైరింగ్ కిట్ ఒకటి ఉన్నాయి. ఇదే సామగ్రి పైన పేరు మారి వేరే పెట్టెల్లోనూ కనిపిస్తుంది కాబట్టి కంపెనీ పేరును పక్కన పెట్టి, లోపలి అంకెల గురించే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: సబ్‌వూఫర్, యాంప్లిఫయర్ ఒకదానికొకటి చక్కగా కుదిరాయి, వాటితో ఇచ్చిన వైరింగ్ కిట్ మాత్రం కారులో పెట్టదగినది కాదు.

పెట్టె మీద అన్నిటికన్నా పెద్దగా కనిపించేది 1500 వాట్లు అన్న అంకె. దాన్ని చూసి కొనవలసిన పని లేదు, చూసి భయపడవలసిన పని అంతకన్నా లేదు. అసలు లెక్క లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది: 14.4 వోల్టుల సరఫరా మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా, 4 ఓమ్‌ల లోడ్‌కు (స్పీకర్ వైపు నుంచి యాంప్‌కు ఎదురయ్యే నిరోధానికి) 280 వాట్లు, 2 ఓమ్‌ల లోడ్‌కు 450 వాట్లు ఆర్‌ఎంఎస్, అంటే నిరంతరం ఇవ్వగల శక్తి. 14.4 వోల్టులు, 1 శాతం అన్న ఈ షరతులు కారు యాంప్లిఫయర్ల సామర్థ్యాన్ని కొలిచే సీటీఏ-2006 ప్రమాణంలోనివే కాబట్టి, ఈ పద్ధతిలో ఇచ్చిన అంకెలను ఒక యాంప్‌కూ ఇంకో యాంప్‌కూ మధ్య ధైర్యంగా పోల్చవచ్చు. పెట్టె మీది అంకెను నమ్మాలా, పుస్తకంలోని అంకెను నమ్మాలా అన్న సందేహం ఉన్నవారు యాంప్ పక్కన గుచ్చిన ఫ్యూజులను చూస్తే చాలు. ఇందులో 25 ఆంపియర్లవి రెండు, అంటే మొత్తం 50 ఆంపియర్లు. క్లాస్ డి యాంప్ తీసుకున్న విద్యుత్తులో సుమారు 80 శాతాన్ని స్పీకర్‌కు పంపగలదు అనుకుంటే, 50 ఆంపియర్లను 14.4 వోల్టులతో, ఆపై 0.8తో గుణిస్తే వచ్చేది 576 వాట్లు. నిజంగా 1500 వాట్లు రావాలంటే ఇదే లెక్కన 130 ఆంపియర్లు కావాలి, ఆ ప్రవాహానికి ఈ ఫ్యూజులు ఎప్పుడో ఎగిరిపోతాయి. కాబట్టి ఇది 450 వాట్ల యాంప్, అంతకు మించి ఏమీ కాదు. దానితో వచ్చిన సబ్‌వూఫర్‌కు 450 వాట్లే సరిపోతాయి గనుక ఇది లోటు కూడా కాదు.

సబ్‌వూఫర్ మీద కూడా 1200 వాట్లు అని రాసి ఉన్నా, దాని ఆర్‌ఎంఎస్ సామర్థ్యం 400 వాట్లు. దీనిలో ఒక్కొక్కటి 4 ఓమ్‌ల కాయిల్స్ రెండు ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే తీరును బట్టే యాంప్ ఎంత శక్తినిస్తుందన్నది తేలుతుంది. రెండు కాయిల్స్‌నూ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌ను ప్లస్‌తో, మైనస్‌ను మైనస్‌తో కలిపితే యాంప్‌కు కనిపించే లోడ్ 2 ఓమ్‌లు. అప్పుడు 450 వాట్ల దాకా వస్తాయి. ఒక కాయిల్ మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు కలిపి సిరీస్ చేస్తే లోడ్ 8 ఓమ్‌లకు పెరిగి, వచ్చేది సుమారు 140 వాట్లకు పడిపోతుంది. ఇందులో ప్రమాదం ఏమీ లేదు గాని, 400 వాట్లతో పోలిస్తే ధ్వని నాలుగున్నర డెసిబెల్స్ తగ్గుతుంది. బాస్ కోసమే డబ్బు పెట్టినవారికి ఆ తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. మూడో దారి కూడా కొందరు తొక్కుతుంటారు: ఒక కాయిల్‌కు మాత్రమే తీగ ఇచ్చి, రెండోదాన్ని ఖాళీగా వదిలేయడం. అన్నిటిలోకీ చెడ్డది ఇదే. సబ్ మొత్తానికి 400 వాట్లు అంటే ఒక్కో కాయిల్ వాటా 200 వాట్లు. ఒంటరి కాయిల్ 4 ఓమ్‌ల లోడ్‌గా కనిపించి యాంప్ నుంచి 280 వాట్లు లాగుతుంది. ఆ వేడి అంతా సగం రాగి మీదే పడుతుంది.

అంటే ఈ సెట్‌కు సరైన వైరింగ్ ఒక్కటే, అది ప్యారలల్. సబ్‌కు తగిన యాంప్‌ను చూసి మరీ కలిపారని ఇక్కడ ఒప్పుకోవాలి. అదే కంపెనీ డ్యూయల్ 2 ఓమ్‌ల సబ్‌ను ఇదే యాంప్‌తో ఇచ్చి ఉంటే ప్యారలల్‌లో 1 ఓమ్ వచ్చేది, ఈ యాంప్ దాన్ని భరించలేదు. సిరీస్‌లో 4 ఓమ్‌లు వచ్చి 280 వాట్లతో సరిపెట్టుకోవలసి వచ్చేది. విడివిడిగా కొనేవారు ఎక్కువగా పొరబడేది ఈ విషయంలోనే. సబ్ వాట్లు, యాంప్ వాట్లు సరిపోయాయా అని చూస్తారు తప్ప, ఆ వాట్లు ఎన్ని ఓమ్‌ల దగ్గర వస్తాయో, ఆ ఓమ్‌లు ఈ కాయిల్స్‌తో సాధ్యమో కాదో చూడరు.

ఇంత బాగా జోడీ కుదిర్చిన కంపెనీ, దాన్ని కలిపే పద్ధతిని వివరించడంలో మాత్రం చాలా పిసినారితనం చూపింది. పుస్తకంలోని బొమ్మలో ఒకే కాయిల్ ఉన్న సబ్ ఉంది. చేతికొచ్చిన సబ్‌కేమో ఎదురెదురు వైపుల రెండు జతల టెర్మినల్స్ ఉన్నాయి. దీనికి తోడు యాంప్ మీద కూడా రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు కనిపిస్తాయి. మోనోబ్లాక్ యాంప్‌కు ఛానెల్ ఒక్కటే. ఆ రెండు జతలూ లోపల కలిసే ఉంటాయి. తీగలు బిగించడానికి వీలుగా ఉంటుందని మాత్రమే రెండు జతలు ఇస్తారు. కాబట్టి ఒక్కో కాయిల్‌ను ఒక్కో జతకు ఇచ్చినా, సబ్ దగ్గరే రెంటినీ కలిపి ఒకే జతకు తెచ్చినా ఫలితం ఒకటే, 2 ఓమ్‌లు. తెలియక చేసినా ఇక్కడ నష్టం లేదు. అయితే ఇవి రెండు వేర్వేరు ఛానెల్స్ అనుకుని, తర్వాత ఇంకో 2 ఓమ్‌ల సబ్ తెచ్చి రెండో జతకు బిగించినవారికి లోడ్ 1 ఓమ్‌కు దిగిపోయి, ఎర్ర లైటు వెలిగి, యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఒక్క వాక్యం ముద్రిస్తే తీరిపోయే సంగతి ఇది.

బిగించే ముందు మల్టీమీటర్‌తో కాయిల్స్‌ను చూడటం మంచిది. నా సబ్‌లో ఒక్కో కాయిల్ 3.6 ఓమ్‌లు చూపింది, ప్యారలల్ చేశాక 1.8. నాలుగు రాలేదని కంగారు పడనక్కర్లేదు. 4 ఓమ్‌లు అన్నది ధ్వని సంకేతం వెళ్తున్నప్పటి నామమాత్రపు ఇంపెడెన్స్. మీటర్ కొలిచేది డీసీ నిరోధం. రెండోది ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది. ప్యారలల్ చేశాక 3.6 దగ్గరే ఆగితే ఒక కాయిల్ సరిగా తగల్లేదని, 7.2 చూపితే పొరపాటున సిరీస్ అయిందని అర్థం. ఇక ధ్రువాల సంగతి: రెండు కాయిల్స్‌లో ఒకటి తిరగబడితే ఒకటి కోన్‌ను ముందుకు నెడుతుంటే మరొకటి వెనక్కి లాగుతుంది, మీటర్ 1.8 అనే చూపిస్తుంది, సబ్ మాత్రం దాదాపు మూగబోతుంది. దీన్ని మీటర్ పట్టుకోలేదు, 1.5 వోల్టుల బ్యాటరీ సెల్ పట్టుకుంటుంది. సెల్ ప్లస్‌ను కాయిల్ ప్లస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి కదలాలి, రెండు కాయిల్స్‌కూ అదే దిశలో కదలాలి.

ఇక వైరింగ్ కిట్. చేతిలోకి తీసుకోగానే ఎర్ర తీగ లావుగా, మెత్తగా, ఖరీదైనదిలాగే అనిపిస్తుంది. చివర తొక్క తీసి చూస్తే ఆ లావులో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. 4 గేజ్ తీగ అంటే అడ్డుకోత వైశాల్యం సుమారు 21 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. ఇందులోని పోగుల కట్ట 8 గేజ్‌కు, అంటే దాదాపు 8.4 చదరపు మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంది. పైగా ఒక పోగును బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లటి అల్యూమినియం బయటపడింది. సీసీఏ అనే ఈ రకం తీగ అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. అదే లావు రాగి తీగతో పోలిస్తే దీని నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. సీసీఏ వాడటమే నేరం అనను. లావు తగినంత పెంచి, ఆ మాట పెట్టె మీద రాసి అమ్మితే దానితోనూ పని జరుగుతుంది. 8 గేజ్ సీసీఏను 4 గేజ్ అని అమ్మడమే అభ్యంతరం.

ఇంజన్ నడుస్తుండగా 40 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను కొద్ది సెకన్ల పాటు దాదాపు పూర్తి శక్తితో వినిపించి వోల్టేజీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే యాంప్ టెర్మినల్స్ దగ్గర 12.8 మాత్రమే ఉన్నాయి. కిట్ తీగలను తీసేసి అచ్చమైన రాగితో చేసిన ఓఎఫ్‌సీ 4 గేజ్ తీగ వేశాక అదే చోట 13.4 వచ్చింది. శబ్దం విషయంలో దీని వల్ల పెద్ద తేడా వచ్చిందని చెబితే అబద్ధమే అవుతుంది. పవర్ సప్లైలో నియంత్రణ లేని ఇలాంటి యాంప్‌ల శక్తి వోల్టేజీ వర్గానికి తగినట్టు మారుతుంది కాబట్టి, 14.4 దగ్గరి 450 వాట్లు 12.8 దగ్గర సుమారు 355, 13.4 దగ్గర సుమారు 390 అవుతాయి. ఈ తేడా అర డెసిబెల్‌ కూడా కాదు. రాగి తీగ వేస్తే బాస్ రెట్టింపవుతుందని చెప్పే మాటలను అందుకే నమ్మనక్కర్లేదు.

అసలు బెడద వేడితో. ఒక వోల్టు నష్టం, 40 ఆంపియర్ల ప్రవాహం అంటే తీగ దారిలో 40 వాట్లు వేడిగా మారుతున్నాయి. బ్యాటరీకీ డిక్కీకీ మధ్య కార్పెట్ కింద ఒక సోల్డరింగ్ ఐరన్ వెలిగించి ఉంచినట్టే. పాటలు టెస్ట్ టోన్ లాగా నిరంతరం పూర్తి ప్రవాహం లాగవు కాబట్టి రోజువారీ వాడకంలో ఇంత వేడి పుట్టదు. కానీ అది తీగ పొడవునా సమంగా పరచుకోదు కూడా. ఫ్యూజ్ హోల్డర్‌లోని స్క్రూ కింద, సరిగా నొక్కని లగ్ (తీగ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర పోగవుతుంది. కిట్‌లోని గాజు ఫ్యూజ్ హోల్డర్ మూత ఆ కొద్ది సెకన్లకే చేతికి వెచ్చగా తగిలింది.

అంతకన్నా పెద్ద తప్పు ఆ హోల్డర్‌లో ఉన్న 100 ఆంపియర్ల ఫ్యూజ్. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ యాంప్‌ను కాపాడటానికి కాదు, తీగను కాపాడటానికి. యాంప్‌కు దాని సొంత ఫ్యూజులు ఉన్నాయి. బానెట్ కింద నుంచి డిక్కీ దాకా వెళ్లే దారిలో ఎక్కడో రేకు అంచుకు తీగ ఒరుసుకుని తొక్క చిరిగి బాడీకి తగిలితే, బ్యాటరీలోని శక్తి అంతా ఆ తీగ గుండానే పారుతుంది. అప్పుడు తీగ కాలేలోపే ఫ్యూజ్ ఎగరాలి. 8 గేజ్ సీసీఏకు 40 ఆంపియర్లు దాటిన ఫ్యూజ్ పెట్టడం నాకు సమ్మతం కాదు. 100 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే ఫ్యూజ్ చెక్కుచెదరకుండా ఉండి తీగే అంటుకుంటుంది. పోనీ 40ది పెడదామంటే, యాంప్ పూర్తి శక్తితో లాగేదే 40 కాబట్టి అది తరచూ ఎగిరిపోతుంది. అంటే ఈ తీగతో ఈ యాంప్‌ను భద్రంగా నడపడానికి తగిన ఫ్యూజ్ అంటూ ఏదీ లేదు. కిట్ మార్చవలసిందే అనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. ఇప్పుడు నా కారులో 4 గేజ్ రాగి తీగ, దాని మీద 60 ఆంపియర్ల మినీ ఏఎన్‌ఎల్ ఫ్యూజ్ ఉన్నాయి. హోల్డర్‌ను బ్యాటరీకి జానెడు దూరంలోనే బిగించాను. బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న తీగకు రక్షణ ఉండదు కాబట్టి ఆ దూరం ఎట్టి పరిస్థితుల్లోనూ 18 అంగుళాలు, అంటే 45 సెంటీమీటర్లు మించకూడదు.

గ్రౌండ్ తీగ కూడా కిట్‌లో పవర్ తీగ కన్నా సన్నగా ఇచ్చారు. ఎంత ప్రవాహం వెళ్తుందో అంతా తిరిగి రావాలి కాబట్టి రెండూ ఒకే గేజ్‌లో ఉండాలి. డిక్కీలో బాడీ రేకు మీద పెయింట్‌ను మెరిసే లోహం కనిపించేదాకా గీకి, రింగ్ లగ్ వేసి బోల్టుతో బిగించాలి. సీటు బెల్టు బోల్టులను దీనికి వాడకూడదు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో గ్రౌండ్ తీగను నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపితే, యాంప్ లాగే ప్రవాహం సెన్సర్ లెక్కలోకి రాదు. బాడీకి ఇవ్వడమే సరైన పద్ధతి. పవర్ తీగ కారుకు ఒక వైపునుంచి వెళ్తే, స్టీరియో నుంచి యాంప్‌కు సంకేతం తెచ్చే ఆర్‌సీఏ తీగలు రెండో వైపునుంచి వెళ్లాలి. ఆర్‌సీఏ తీగలు మాత్రం కిట్‌లోవే వాడుతున్నాను. ఇంజన్ స్పీడుతో పాటు పెరిగే ఆల్టర్నేటర్ కూత వినిపించలేదు.

స్టీరియోకు ఆర్‌సీఏ అవుట్‌పుట్ లేనివారికి ఈ యాంప్‌లో హై లెవెల్ ఇన్‌పుట్ ఉంది. స్పీకర్ తీగలనే అందులోకి ఇస్తే సంకేతం రాగానే యాంప్ తనంతట తానే ఆన్ అవుతుంది, విడిగా కన్వర్టర్ కొనక్కర్లేదు. ఆర్‌సీఏ వాడితే మాత్రం స్టీరియో వెనక నుంచి, సాధారణంగా నీలం మీద తెల్ల చార ఉండే రిమోట్ తీగను లాగాలి. రెండు పద్ధతులూ సక్రమంగానే పనిచేశాయి. ఆర్‌సీఏతో ఆన్ అయ్యేటప్పుడు చిన్న టక్ శబ్దం వస్తుంది, అంతే.

స్టీరియో సంకేతానికి తగినట్టు యాంప్‌ను సర్దే గెయిన్ మరను వాల్యూమ్ నాబ్‌గా భావించి చివరిదాకా తిప్పేవారి చేతిలో ఈ జోడీ ఎక్కువ కాలం బతకదు. యాంప్ తన సామర్థ్యం దాటి కొట్టినప్పుడు తరంగం పై అంచులు తెగి చదరంగా మారతాయి. అంతే శిఖరం ఉన్న సైన్ తరంగంతో పోలిస్తే పూర్తి చదరపు తరంగంలో శక్తి రెట్టింపు. 450 వాట్ల యాంప్ 400 వాట్ల సబ్‌ను కాల్చేది ఆ దారిలోనే. గెయిన్ పెట్టడానికి చెవి కన్నా మల్టీమీటర్ నమ్మదగింది. కావలసిన వోల్టేజీ, వాట్లను ఓమ్‌లతో గుణించగా వచ్చిన దానికి వర్గమూలం. 400 వాట్లు, 2 ఓమ్‌లు అంటే 800కు వర్గమూలం, 28.3 వోల్టులు. సబ్ తీగలు ఊడదీసి, బాస్ బూస్ట్ సున్నాలో ఉంచి, స్టీరియో వాల్యూమ్‌ను శుభ్రంగా వినిపించే గరిష్ఠ స్థాయిలో పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, యాంప్ అవుట్‌పుట్ మీద ఏసీ వోల్టేజీ 28.3కు చేరేదాకా మరను మెల్లగా తిప్పాలి. నా యాంప్‌లో మర సగానికి కాస్త ముందే ఆ అంకె వచ్చేసింది. మిగిలిన సగం తిప్పాలనే ఆశ అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. అక్కడ దొరికేది బాస్ కాదు, కాలిన లక్క వాసన. బాస్ బూస్ట్ ఇంకా మోసకారి. ఇందులో 45 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ దాకా పెంచుకోవచ్చని గొప్పగా రాశారు. 12 డెసిబెల్స్ అంటే ఆ స్వరం దగ్గర 16 రెట్ల శక్తి అడగడమే. దాన్ని సున్నాలోనే ఉంచాను.

మూసిన పెట్టెలో బిగించి, పై స్వరాలను ఆపే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాక వినిపించే బాస్ నాకు బాగా నచ్చింది. డప్పు, ఢోలు, మృదంగం తొప్పి వైపు దెబ్బ విడివిడిగా, సాగకుండా పలుకుతాయి. దెబ్బ పడి ఆగిపోయాక మూలుగు మిగలదు. డ్యాష్‌బోర్డు అదరాలని, వెనక అద్దం వణకాలని కోరుకునేవారు పోర్ట్ (గాలి రంధ్రం) ఉన్న పెట్టె వైపు చూస్తారు గాని, ఈ యాంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ లేదు. పోర్ట్ పెట్టెలో ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ (పోర్ట్‌ను కుదిర్చిన స్వరం) కింద కోన్‌కు గాలి దన్ను ఉండదు. ఆ లోతు స్వరాలను ఆపే ఫిల్టర్ లేకపోతే కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది. కాబట్టి ఈ సెట్‌ను మూసిన పెట్టెకే పరిమితమైనదిగా లెక్కించడం మంచిది. సబ్ టెర్మినల్స్ నొక్కి వదిలే రకం. 12 గేజ్ తీగ కష్టం మీద దూరుతుంది. యాంప్ మీది అక్షరాలు నల్ల రంగు మీద ముదురు బూడిద రంగులో ఉన్నందువల్ల డిక్కీలో టార్చ్ లేకుండా చదవలేం. దూర ప్రయాణంలో యాంప్ పైభాగం చెయ్యి పెట్టగలిగినంత వేడిగానే ఉంది, ఒక్కసారి కూడా ప్రొటెక్షన్‌లోకి పోలేదు.

తర్వాత రెండో సబ్ కలుపుకోవచ్చు కదా అనే ఆలోచనతో దీన్ని కొనాలనుకునేవారు ఒక లెక్క వేసుకోవాలి. డ్యూయల్ 4 ఓమ్‌ల సబ్‌లు రెండు ఉంటే నాలుగు కాయిల్స్‌తో సమంగా పంచగల లోడ్‌లు 1 ఓమ్, 4 ఓమ్‌లు, 16 ఓమ్‌లు మాత్రమే. 2 ఓమ్‌లు ఏ విధంగానూ రావు. 1 ఓమ్ ఈ యాంప్‌కు పనికిరాదు. 4 ఓమ్‌లలో వచ్చే 280 వాట్లు రెండు సబ్‌లకు చెరి 140 చొప్పున పోతాయి. రెండో కోన్ వల్ల కలిసొచ్చేది, శక్తి తగ్గడం వల్ల పోయేది తీసివేస్తే మిగిలే లాభం ఒకటి, ఒకటిన్నర డెసిబెల్స్. దానికి ఖర్చయ్యేది ఇంకో సబ్, రెట్టింపు పెట్టె, డిక్కీలో మిగిలిన చోటు. మొదటినుంచీ రెండు సబ్‌లే కావాలనుకునేవారు ఈ సెట్‌ను వదిలి, ఇదే యాంప్‌ను విడిగా కొని, డ్యూయల్ 2 ఓమ్‌ల సబ్‌లు రెండు తెచ్చుకోవాలి. ఒక్కో సబ్ కాయిల్స్‌ను సిరీస్ చేసి 4 ఓమ్‌లు, ఆ రెంటినీ ప్యారలల్ చేసి 2 ఓమ్‌లు సాధిస్తే 450 వాట్లూ చెరిసగంగా అందుతాయి.